చావుకు అడ్డు చెప్పని ఇల్లు

మా సారు గత నెలలో చనిపోయారు. సంతాప సభ ఉందని ఆఫీసు పిల్లలు కబురు చేస్తే జగిత్యాల వెళ్లాను. నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. లేచి నిలబడి, "మా సారు" అని ఆగిపోయాను. ఎవరో నీళ్ల గ్లాసు అందించి కూర్చోబెట్టారు.

సభ అయ్యాక టీ తాగుతుంటే కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి పక్కన వచ్చి కూర్చుంది. హైదరాబాదులో కూలి పని చేసుకునేవాళ్లకు తక్కువ కిరాయికి ఇళ్లు కట్టే పథకం ఒకటి ఉందట. దాని లెక్కలు ఆ అమ్మాయి చేస్తోందట.

"సార్, ఎట్ల లెక్క కట్టినా గిట్టుబాటు అయితలేదు. కిరాయి పెంచితే వాళ్లు రారు. తగ్గిస్తే రిపేర్లకు పైసలుండవు. మీ కాలంల సిరిసిల్లల గిట్లనే కట్టిండ్రట గద? అప్పుడు గిట్టుబాటు అయిందా?" అని అడిగింది.

ఆ రోజు బస్సుకు వేళైందని లేచి వచ్చేశాను. ఇది ఆ అమ్మాయికి, ఆమె ఈడు వాళ్లకు రాస్తున్నాను. సభలో సారు గురించి చెప్పవలసింది కూడా ఇదే.

ఎనభైల చివరి సంగతి. మాది ఇళ్ల శాఖలో చిన్న ఆఫీసు, జగిత్యాలలో ఉండేది. నేను కోరుట్ల నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేవాణ్ని. సిరిసిల్లలో మరమగ్గాల మీద పని చేసే కార్మికుల కోసం ఊరి బయట వరుసలుగా ఇళ్లు కట్టారు. ఒక గది, వంటకు కొంత జాగా, వెనక బావి. గోడలు గట్టివి, కిటికీలు పెద్దవి. బయట కిరాయితో పోలిస్తే మా కిరాయి తక్కువే. అయినా సగానికి పైగా ఇళ్లకు తాళాలే ఉండేవి.

ఖాళీ ఇల్లంటే ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. పల్లెల్లో అన్నలు, అంటే నక్సలైట్లు, వాళ్ల వెనక పోలీసులు. సర్కారు కట్టిన కట్టడం ఏదైనా ఖాళీగా కనిపిస్తే పోలీసులు క్యాంపు కోసం అడిగేవారు. క్యాంపు పెడితే అన్నలు పేల్చేస్తారని జనం భయం. ఇళ్లు నింపుతారా, మాకు అప్పగిస్తారా అని పోలీసు శాఖ మా పైవాళ్లను అడిగేది, మా పైవాళ్లు మమ్మల్ని అడిగేవారు. ఇళ్లు నింపే పని సారు మీద, నా మీద పడింది.

సారు గురించి చెప్పాలి. ఆయనది కథలాపూర్ అవతల ఒక ఊరిలో దొరల కుటుంబం. ఊళ్లో గడి, కోటలాంటి పెద్ద ఇల్లు, ఉండేది. అన్నలు భూముల్లో జెండాలు పాతాక ఇంటిల్లిపాదీ జగిత్యాల వచ్చి కిరాయికి ఉన్నారు. ఆయన చదువుకుని ఎప్పుడో ఉద్యోగంలో చేరారు కాబట్టి బతుకు గడిచింది. ఎవరైనా అలవాటు కొద్దీ "దొరా" అంటే, "ఏ ఊరికి దొరనయ్యా నేను? నా ఇంటి ఓనరు నన్ను దొర అంటున్నడా?" అనేవారు. నవ్వుతూనే అనేవారు. నన్ను "తమ్మీ" అని పిలిచేవారు. తీరిక దొరికితే పుస్తకం చదువుకునేవారు. ఎక్కువ మాట్లాడేవారు కాదు.

జగిత్యాల నుంచి సిరిసిల్లకు దగ్గర దారి వేరే ఉంది. సారు మాత్రం కోరుట్ల దాకా వచ్చి, నన్ను కలుపుకుని, కథలాపూర్ మీదుగా వెళ్లే బస్సు ఎక్కేవారు. నా కోసమే వస్తున్నారని చాలాకాలం అనుకున్నాను.

మేము సిరిసిల్ల గల్లీలు తిరిగి కార్మికులను అడిగేవాళ్లం. ఇళ్లు ఖాళీగా ఉన్నాయి, ఎందుకు రావడం లేదు అని. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. ఆ సాంచెల చప్పుడులో గట్టిగా అరిచి అడగాలి, గట్టిగా అరిచి చెప్పాలి.

"గంత దూరం ఎవడు వోతడు సారూ? రాత్రి డ్యూటీ దిగినంక నడిసి వొయ్యేటోళ్లను నక్సలైట్లని పోలీసోళ్లు పట్టుకుంటరు, పోలీసోళ్ల మనుషులని నక్సలైట్లు పట్టుకుంటరు!"

"మాకు కూలి వారం వారం ఇస్తరు. మీరేమో నెలకొక్కసారి కట్టుమంటరు. నెల దాక పైసలు చేతుల ఆగుతయా?"

ఒక చోట ఆడవాళ్లు బీడీలు చుడుతూ కూర్చున్నారు. ఒక పెద్దామె నన్ను ఎగాదిగా చూసి, "గా ఇండ్లల్ల దయ్యాలున్నయట గద, సారూ?" అంది. అందరూ నవ్వారు.

"దయ్యాలు గూడ లేవవ్వా. కిరాయి కట్టలేక అవి గూడ వస్తలేవు," అన్నారు సారు.

వాళ్లు చెప్పిన కారణాలన్నీ రాసుకుని వచ్చి పైకి పంపాను. పథకం హైదరాబాదులో తయారైంది. అక్కడ నెల జీతాల వాళ్లను మనసులో పెట్టుకుని వేసిన లెక్క ఇక్కడ వారం కూలి వాళ్లకు ఎలా సరిపోతుందని కూడా రాశాను. కిరాయి వారం వారం తీసుకోవచ్చని పైనుంచి అనుమతి వచ్చింది. నా రాత మీద నాకే ముచ్చటేసింది. ఆ తర్వాత కూడా ఎవరూ రాలేదు.

ఇంతలో ఒక రోజు ఆమె వచ్చింది.

నడివయసు మనిషి. బీడీలు చేస్తుంది. భర్త చాలా ఏళ్లు సాంచెల మీద పని చేసి ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడ్డాడు. పిల్లలు లేరు. మేము కాలనీలో ఉన్నామని తెలుసుకుని ఊళ్లో నుంచి ఎండలో నడిచి వచ్చింది. నీళ్లు ఇస్తే తాగలేదు. నిలబడే అడిగింది.

"సారూ, ఒక్క మాట అడుగుత. గీ ఇండ్లల్ల మనిషి సచ్చిపోతె ఉంచనిస్తరా?"

నాకు అర్థం కాలేదు. "అంటే?" అన్నాను.

"మా ఇంటాయనకు ఎక్కువ దినాలు లేవని దవాఖానోళ్లు జెప్పిండ్రు. ఓనరమ్మ ఖాళీ చెయ్యుమంటున్నది. పానం పోకముందే తీసుకపోవాలంటున్నది. ఎక్కడికి తీసుకపోవాలె సారూ? ఎవ్వర్నడిగినా ఇంట్ల ముసలోళ్లున్నరా, రోగమోళ్లున్నరా అని ముందుగాల్నే అడుగుతున్నరు. నేను అబద్ధం ఆడలేను. ఆడినా ఆయన దగ్గు గల్లి దాక ఇనవడుతది."

పట్నాల్లో పెరిగినవాళ్లకు ఇది తెలియకపోవచ్చు, అందుకని చెబుతున్నాను. కిరాయి ఇంట్లో చావు జరగనివ్వరు. చాలాచోట్ల పురుడు కూడా పోయనివ్వరు. మనిషి పోయేలా ఉంటే ముందే సొంతూరికి తీసుకుపొమ్మంటారు. సొంతూరు లేనివాళ్లు, ఉన్నా అక్కడ నిలువ నీడ లేనివాళ్లు, శవాన్ని గల్లీలో టెంటు కింద పడుకోబెట్టుకుంటారు. నేను ఇన్ని గల్లీలు తిరిగి, ఇన్ని కారణాలు రాసి పైకి పంపాను. ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు, నేను అడగలేదు. సర్కారు ఇల్లు కాబట్టి సర్కారు అసలే ఒప్పుకోదని అందరూ అనుకున్నారట.

సారు లేచి నిలబడ్డారు. "మీ ఓనరమ్మ దగ్గరికి పోదాం పా, చెల్లె," అన్నారు.

ఆ ఓనరమ్మను చూస్తే కోపం రాలేదు. ఆమెది కూడా రెండు గదుల ఇల్లు. వెనక గదిలో తానుంటూ ముందు గది కిరాయికి ఇచ్చి బతుకుతోంది. మమ్మల్ని చూడగానే ఏడుపు మొదలుపెట్టింది.

"నాకు మాత్రం మనసున పడుతదా సారూ? నేను దినాం జావ కాసి ఇస్తలేనా, అడుగుండ్రి. గని సావు జరిగిందంటె, మంచి నక్షత్రం గాకుంటె, ఇల్లు నెలల తరబడి పాడువెట్టాలె. నేనేడ ఉండాలె? తర్వాత కిరాయికి ఎవ్వడస్తడు? నా పొట్ట ఎట్ల నిండాలె?"

"నిజమే అంటున్నది సారూ. ఆమె తప్పేం లేదు," అంది పక్కనుంచి ఆమే, ఖాళీ చేయవలసిన మనిషే.

గదిలో మంచం మీద ఆ భర్త పడుకుని ఉన్నాడు. కిటికీ లేదు. మమ్మల్ని చూసి లేవబోయాడు, చేతకాలేదు. "కూసోబెట్టవే, పెద్దమనుషులచ్చిండ్రు," అని భార్య మీద విసుక్కున్నాడు.

సారు అక్కడికక్కడే ఇల్లు ఇస్తామని చెప్పేవారే. కానీ ఆ రోజుల్లో మా ఇళ్లలోకి ఎవరు రావాలన్నా పోలీస్ స్టేషన్ వాళ్లు సరే అనాలి. మరునాడు స్టేషన్‌కు వెళ్లాం. ఎస్.ఐ. వయసులో చిన్నవాడు. కాగితం చూసి పక్కన పెట్టేశాడు.

"వీని తమ్ముడు అడవిలున్నడు సార్. మీకు తెల్వదా?"

మాకు తెలియదు. ఆమె చెప్పలేదు.

"ఇల్లు ఊరి బయట. రోగి అన్న. తమ్ముడు చూసిపోవటానికి రాకుంట ఉంటడా? నేను సంతకం పెట్టలేను," అన్నాడు. తర్వాత కొంచెం మెత్తగా, "అయినా మీరే వచ్చి అడుగుడేంది సార్? మిమ్మల్ని ఊరు ఇడిపించింది వాళ్లే గద?" అన్నాడు.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇప్పుడు ఇల్లు అడుగుతున్నాయన నన్ను ఏ ఊరూ ఇడిపియ్యలే. ఆయన మంచం దిగి గడప దాక రాలేడు," అన్నారు.

"రేపు ఏదన్న జరిగితే ఎవలు బాధ్యులు?"

"నేను. నా పూచీ మీద ఇస్త. నా సంతకం తీసుకోండ్రి."

ఎస్.ఐ. కాగితం ఆయన వైపు జరిపాడు. "మీ ఇష్టం సార్. పైవాళ్లు అడిగితే మాత్రం నేను వద్దన్ననని చెప్త," అన్నాడు. సారు సంతకం చేశారు. పైవాళ్లు అడిగితే ఉద్యోగం పోయే పని అది. సస్పెండు కావడానికి అప్పట్లో అంతకన్నా చిన్న అనుమానం చాలు.

తిరుగు బస్సులో నేను ఉండబట్టలేక, "సార్, కొంచెం ఆలోచించాల్సింది," అన్నాను. కథలాపూర్ దాటుతుంటే సారు కిటికీలోంచి ఒక పక్కకు చూపించారు. పొలాలు, వాటి వెనక చెట్లు. ఊరు కనిపించడం లేదు.

"మా ఊరు గా దిక్కుంటది తమ్మీ. మా అమ్మకు సీరియస్ అయినప్పుడు ఓనరు వచ్చిండు. చెడ్డోడేం కాదు. చేతులు జోడించి అడిగిండు. సరే, ఊరికి తీసుకపోదమని జీపు మాట్లాడినం. గడిల పుట్టకపోయినా గడిలనే బతికిన మనిషి. ఊర్లెకు పోనిస్తరో పోనియ్యరో తెల్వదు. గా మలుపు కాడ జీపు ఆపి, లోపలికి పోవాల్నా వద్దా అని నేను, మా అన్న మాట్లాడుకుంటున్నం. మేం మాట్లాడుతుండంగనే పోయింది."

అంతే చెప్పారు. దూరమైనా ఆ దారినే ఎందుకు వస్తారో నాకు అప్పుడు తెలిసింది.

వాళ్లు ఇంట్లో దిగిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఓనరమ్మ కూడా వచ్చింది, జావ గిన్నె పట్టుకుని. రిక్షాలో తెచ్చిన మనిషిని నలుగురం పట్టి లోపల పడుకోబెట్టాం. పెద్ద కిటికీ తెరిస్తే గాలి ధారాళంగా వచ్చింది. అతను కళ్లు మూసుకుని గాలి పీల్చి, "గింత గాలా! గిది నన్ను సావనిస్తదా?" అన్నాడు.

నిజంగానే అనుకున్నంత త్వరగా చావనివ్వలేదు. ఆ ఎండాకాలం గడిచింది, వానలు పడ్డాయి. కొన్నాళ్లు లేచి గోడకు ఆనుకుని కూర్చునేవాడు కూడా. కిరాయి కోసం వెళ్లినప్పుడు పలకరిస్తే ఒకటే ఫిర్యాదు చేసేవాడు.

"అన్ని మంచిగనే ఉన్నయి సారూ. నిద్రనే వస్తలేదు. సాంచెల సప్పుడు లేదు గద. పుట్టినకాడికెల్లి గా సప్పుడులనే పండుకున్న. ఏదో ఆగిపోయినట్టు అనిపిస్తది."

అందుకని ఆమె తన చాట అతని తల దగ్గర పెట్టుకుని, అక్కడే కూర్చుని బీడీలు చుట్టే తునికాకు కత్తిరించేది. కత్తెర చప్పుడు వింటూ అతను నిద్రపోయేవాడు. నేను గడప దగ్గర నిలబడితే కత్తెర ఆపకుండానే, కూర్చోమని కళ్లతో సైగ చేసేది. వారం కిరాయి ఒక్కసారి కూడా తప్పలేదు.

తమ్ముడు రాలేదు. వచ్చాడేమో, నాకు తెలియదు. నేను అడగలేదు, సారు కూడా అడగలేదు.

దసరా దాటాక ఒక పొద్దున అతను పోయాడు. కబురు అందగానే సారు, నేను వెళ్లాం. ఇంటి ముందు, సొంత గడప ముందు పడుకోబెట్టినట్టే పడుకోబెట్టారు. ఎవరూ తొందర పెట్టలేదు. ఆమె తలాపున కూర్చుని గట్టిగా, మనసుతీరా ఏడ్చింది. కిరాయి ఇంట్లో ఏడుపు కూడా ఓనరు వింటారని అణచుకుని ఏడవాలి. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది.

జనం మాత్రం పలుచగా వచ్చారు. అన్న చావుకు తమ్ముడు వస్తాడని మఫ్టీలో పోలీసులు వచ్చి గోడల పక్కన నిలబడ్డారు. వాళ్లను చూసి చాలామంది దూరం నుంచే దండం పెట్టి వెళ్లిపోయారు. పాడె లేపే వేళకు ముగ్గురు ముందుకు వచ్చారు. నాలుగో పక్క ఖాళీగా ఉంది. తమ్ముడు ఉండవలసిన జాగా అది. ఎవరూ కదలలేదు. సారు ముందుకు అడుగు వేయబోయారు, అప్పటికే ఆయనకు మోకాళ్ల నొప్పులు. అంతలో గోడ పక్కన నిలబడ్డ మఫ్టీ వాళ్లలోంచి ఒక పడుచు కుర్రాడు వచ్చి, చెప్పులు విడిచి, భుజం పెట్టాడు. వాడెవరో అందరికీ తెలుసు. నాలుగడుగులు నడిచాక వాడు కూడా అందరితో పాటు గోవిందా అన్నాడు.

ఆ తర్వాత కాలనీ సంగతి ముందే చెప్పేస్తాను, ఆ అమ్మాయి అడిగింది కదా. వారం తిరగక ముందే మా దగ్గరికి మనుషులు రావడం మొదలైంది. మంచం పట్టిన తల్లి ఉన్న కొడుకు, నెలలు నిండిన బిడ్డ పుట్టింటికి వచ్చిందని ఒక తండ్రి. "మీ ఇండ్లల్ల అన్నిటికి ఒప్పుకుంటరట గద సారూ," అని అడిగేవారు. దూరమన్నవాళ్లే వచ్చారు. తాళాలన్నీ తెరుచుకున్నాయి, క్యాంపు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తనిఖీకి వచ్చిన పైఅధికారి వరుసంతా ముసలివాళ్లు, బాలింతలు కనిపించేసరికి, "ఇది కాలనీయా, దవాఖానాయా?" అన్నాడు. సారు మీద విచారణ వేయలేదు. ఇళ్లు నిండాయి కాబట్టి అడగవలసిన అవసరం వాళ్లకు కలగలేదు.

గిట్టుబాటు అయిందా అంటే, పూర్తిగా కాలేదమ్మా. నిండినా సరే, వచ్చిన కిరాయితో పైకప్పులు బాగు చేయించలేకపోయాం. సర్కారు ఏటా కొంత కలపవలసే వచ్చింది. నీ లెక్క తప్పు అనను. ఎవరికి ఎంత కిరాయి అని వేసే ముందు, ఆ ఇంట్లో ఏమేమి జరగనిస్తామో కూడా ఒక వరస రాసుకో. మేము అది రాసుకోలేదు. ఆమె ఎండలో నడిచి వచ్చి అడిగింది కాబట్టి తెలిసింది.

ఇంకొక్క రోజు సంగతి చెప్పి ఆపుతాను. దినాలు అయిపోయిన మరునాడు ఆమె జగిత్యాల ఆఫీసుకు వచ్చింది. అంత దూరం ఎందుకు వచ్చిందో అనుకున్నాం. సారు టేబులు మీద తాళంచెవి పెట్టింది.

"ఏంది చెల్లె ఇది?"

"ఇల్లు అలికి, కడిగి పెట్టిన సారూ. చూసుకోండ్రి. మీరు ఆయన సావుకిచ్చిన ఇల్లు గద. పనైపోయింది. ఇగ నేనుంటే మంచిగుండదు. ఇంకెవ్వలకన్న అక్కరుంటది."

"నువ్వేడికి పోతవ్?"

"నాకేంది సారూ. ఇప్పుడైతె ఎవ్వలన్న ఇస్తరు. ఇంట్ల రోగమోళ్లు లేరు గద," అంది.

ఆ మాట ఆమె బాధతో అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను ఫైలులోకి తల వంచుకున్నాను. సారు తాళంచెవిని ఆమె వైపు జరిపారు.

"మరి నీకు సావు రాదా, చెల్లె? గప్పటిదాక ఉండు."

ఆమె తలెత్తి చూసింది. అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదలు. తాళంచెవి తీసి కొంగున కట్టుకుంది.

"అట్లయితె శాన దినాలైతది సారూ," అంది.

"కానియ్," అన్నారు సారు.